స్కాఫోల్డింగ్ ప్రోటీన్‌ని ‘పరంజా’ అనొచ్చా?

ప్రశ్న, విజయనగరం నుంచి:
గ్రూపులో అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లల కోసం నాడీకణాల పాఠం తెలుగులో రాస్తున్నాను. రిసెప్టర్‌కి గ్రాహకం అన్న మాట ఎలాగూ ఉంది. సైనాప్స్‌ని (రెండు నాడీకణాలు కలిసే చోటు) అలాగే ఉంచేశాను. చిక్కంతా స్కాఫోల్డింగ్ ప్రోటీన్ దగ్గరే. నిఘంటువులో పరంజా అని ఉంది. ‘పరంజా ప్రోటీన్లు గ్రాహకాలను సైనాప్స్ దగ్గర నిలిపి ఉంచుతాయి’ అని రాస్తే మా అమ్మాయి చదివి, “అయితే ఇల్లు కట్టడం అయిపోయాక వీటిని విప్పేస్తారా నాన్నా?” అంది. మీరేమంటారు?

జవాబు, చీపురుపల్లి నుంచి:
మా ఇంట్లో మూడు తరాలుగా తాపీపనే మాస్టారూ. పరంజా అన్న మాట పుస్తకాల్లో చూడ్డమే గానీ పనిలో ఎవరి నోటా వినలేదు. సారవ అంటాం. సరుగుడు కర్రలు నిలువుగా పాతి, అడ్డకర్రలు తాళ్ళతో బిగించి, మీద చెక్కలు పరిస్తే సారవ. పూత పని పైనుంచి మొదలెట్టి కిందికి వస్తుంటే సారవ కూడా విప్పుకుంటూ వస్తారు. అడ్డకర్రలు దూర్చిన కన్నాలు చివర్లో పూడుస్తారు. సెంట్రింగ్ వేరు, అది స్లాబు గట్టిపడేదాకా కిందినుంచి మోసేది. రెండూ పనయ్యాక పోయేవే. ముందు మీ ప్రోటీన్ ఉండేదో, పోయేదో చెప్పండి. మాట సంగతి తరవాత చూద్దాం.

జవాబు, శ్రీకాకుళం నుంచి:
ఉండేదే. అందుకే నాకూ పరంజా నచ్చదు. జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తే ఏమనుకోకండి.

రెండు నాడీకణాల మధ్య సందు సుమారు 20 నానోమీటర్లు. ఇవతలి కణం వదిలిన రసాయనం అందులోంచి క్షణంలో చెదిరిపోతుంది. కాబట్టి దాన్ని అందుకునే అవతలి కణం గ్రాహకాలు సరిగ్గా ఎదురుగా, గుంపుగా ఉండాలి. కానీ కణం పొర కొవ్వుతో చేసినది. వాటి మానాన వదిలేస్తే గ్రాహకాలు దాని మీద ఎటు పడితే అటు జారిపోతాయి. వాటిని కణం లోపలి వైపు నుంచి పట్టి ఉంచేవే మీరు పేరు వెతుకుతున్న ప్రోటీన్లు.

వీటిలో జెఫిరిన్ కథ మనవాళ్ళకి బాగుంటుంది. మన కొండల్లో ముష్టి చెట్టు ఉంది కదా, దాని గింజల్లోని విషం స్ట్రిక్నిన్. వెన్నుపాములో నాడుల జోరుకి కళ్ళెం వేసే రసాయనం గ్లైసిన్. దాని గ్రాహకాలకు స్ట్రిక్నిన్ అంటుకుంటుంది. కళ్ళెం తెగి కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. ఆ అంటుకునే గుణాన్నే జర్మనీలో హైన్‌రిష్ బెట్జ్ బృందం వాడుకుంది. స్ట్రిక్నిన్ నుంచి చేసిన పదార్థాన్ని ఎరగా పెట్టి, ఎలుక వెన్నుపాము నుంచి గ్లైసిన్ గ్రాహకాన్ని 1982లో వేరుచేశారు. దాన్ని వదలకుండా 93 కిలోడాల్టన్ల (అణువుల బరువుకి కొలత) ప్రోటీన్ ఒకటి వెంట వచ్చింది. దానికే తరవాత జెఫిరిన్ అని పేరు పెట్టారు. గ్రీకులో వంతెన అన్న మాట నుంచి తీసుకున్నారు. ఒక చేత్తో గ్రాహకాన్ని, ఇంకో చేత్తో కణం లోపలి అస్థిపంజరాన్ని పట్టుకుంటుందని.

తమాషా ఏమిటంటే నాడులే లేని మొక్కల్లో, బ్యాక్టీరియాలో కూడా దీనికి చుట్టాలున్నాయి. మాలిబ్డినం అవసరమైన ఎంజైములకు తోడుండే చిన్న అణువును (సహకారకాన్ని) తయారుచేయడం వాటి పని. మనలో జెఫిరిన్ ఆ పాత ఉద్యోగం మానకుండానే సైనాప్స్ పని కూడా చూస్తోంది. జెఫిరిన్ జన్యువు తీసేసిన ఎలుకపిల్లలు పుట్టిన రోజే చనిపోయాయి.

నాడిని ఉసిగొలిపే సైనాప్స్‌ల దగ్గర పీఎస్‌డీ-95 అనే ఇలాంటి ప్రోటీనే ఉంటుంది. దానికి ఉన్న పీడీజడ్ అనే గుంటల్లో ఎన్‌ఎండీఏ అనే రకం గ్రాహకం తోక కొస వచ్చి ఇరుక్కుంటుంది. ఆంపా అనే ఇంకో రకం గ్రాహకం మాత్రం నేరుగా కాక, స్టార్‌గాజిన్ లాంటి మధ్యవర్తి ద్వారా తగులుకుంటుంది. కండరం దగ్గర ఈ పని రాప్సిన్‌ది. దాని జన్యువులో లోపముంటే పుట్టుకతోనే కండరాల నీరసం, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తాయి.

జవాబు, కళింగపట్నం నుంచి:
మాస్టారు చెప్పినదాన్ని బట్టి ఇది లంగరు కాకపోతే ఇంకేటి? జారిపోయేదాన్ని నిలబెడతాది. తాడు వదులుంటే పడవ కొంచెం ఊగుతాది కూడా.

జవాబు, శ్రీకాకుళం నుంచి:
ఊగడం బాగా పట్టుకున్నారు. ఒక్కొక్క గ్రాహకానికి వెలుగుచుక్క అంటించి చూస్తే అవి సైనాప్స్‌లోకి వస్తూ, పక్కకి జారిపోతూ కనిపించాయి. కట్టు గట్టిదే, శాశ్వతం కాదు. సైనాప్స్ బలం పెరగడం, తగ్గడం అన్నది చాలావరకు ఏ క్షణాన ఎన్ని గ్రాహకాలు అక్కడ నిలిచి ఉన్నాయన్న దాని మీదే ఉంటుంది. కాకపోతే లంగరు ఒక పడవని పట్టే ఒక వస్తువు. జెఫిరిన్ అణువులు ఒక కొసన మూడేసి, ఇంకో కొసన రెండేసి కలిసి వలలా అల్లుకుంటాయని శాస్త్రజ్ఞులు ఊహిస్తున్నారు. ఆ అల్లికే స్కాఫోల్డ్. అది గ్రాహకాలనే కాదు, పక్కన పనిచేసే ఎంజైముల్ని కూడా దగ్గరికి చేరుస్తుంది.

జవాబు, పాలకొండ నుంచి:
అల్లిక అంటున్నారు, విప్పేది కాదంటున్నారు, నాలుగింటిని పట్టుకునేది అంటున్నారు. ఆనప పందిరి ఉండగా పరంజా ఎందుకండీ?

జవాబు, చీపురుపల్లి నుంచి:
పందిరీ విప్పేదే కదా, పెళ్ళయ్యాక!

జవాబు, పాలకొండ నుంచి:
పెళ్ళి పందిరి కాదు బాబూ, పాదు పందిరి. మా పెరట్లో పాదులు మారాయి గానీ పందిరి అదే. కర్ర పుచ్చితే ఆ ఒక్క కర్రా మారుస్తాం.

జవాబు, శ్రీకాకుళం నుంచి:
ఆ కర్ర మార్చడం కూడా సరిపోయింది. జెఫిరిన్ అణువులు కూడా ఒక్కొక్కటే నెమ్మదిగా మారుతుంటాయి, గుంపు మాత్రం నిలిచే ఉంటుంది. ‘ఆధార ప్రోటీన్’ అని మాత్రం రాయకండి. ఆధారం కాని ప్రోటీన్ ఏది?

ప్రశ్న అడిగినవారు, విజయనగరం నుంచి:
రెండూ తీసుకుంటున్నాను. వస్తువుకి పందిరి ప్రోటీన్, అది చేసే పనికి లంగరు వేయడం. ‘జెఫిరిన్ అనే పందిరి ప్రోటీన్ గ్లైసిన్ గ్రాహకాలకు లంగరు వేస్తుంది.’ పందిరి లంగరు వేయడమేమిటని ఎవరైనా నవ్వుతారేమో గానీ, చదివితే నాకు అర్థమవుతోంది.

జవాబు, చీపురుపల్లి నుంచి:
మొదటిసారి రాసినచోట స్కాఫోల్డింగ్ అన్న పేరు కూడా పక్కన పెట్టండి మాస్టారూ. పరీక్ష పేపర్లో ఆ మాటే వస్తే పిల్లలు తెల్లబోతారు.