గవర్నమెంటు మారినప్పుడల్లా పాతవన్నీ ఆపేయడం కరెక్టేనా?

కృష్ణలంక:
ఏ పార్టీ వాళ్ళైనా సరే సూటిగా చెప్పండి. 2018లో అన్న క్యాంటీన్లు పెట్టారు, ఐదు రూపాయలకి భోజనం. 2019లో వైసీపీ రాగానే మూసేశారు. టీడీపీ కూటమి వచ్చాక 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. మధ్యలో ఐదేళ్ళు మూటలు మోసేవాళ్ళు, ఆటోవాళ్ళు, పెద్దాసుపత్రికి పేషెంటుతో పాటు వచ్చినవాళ్ళు ఎక్కడ తిన్నారో ఎవరైనా అడిగారా, వాళ్ళలో రెండు పార్టీలకీ ఓటేసినవాళ్ళు ఉంటారు కదా. పేరు నచ్చకపోతే పేరు మార్చుకోండి, అన్నం ఎందుకు ఆపాలి?

గోదారి గట్టు:
అన్యాయమే, కాదనను. కానీ ఒక వైపే చెప్పారండి. ఇంటింటికీ రేషన్ అని 2021లో వైసీపీ వాళ్ళు 9,260 బళ్ళు తెచ్చారు, 2025 జూన్ 1 నుంచి కూటమి వాళ్ళు ఆపేసి మళ్ళీ డిపోకి పొమ్మన్నారు. గ్రామ, వార్డు వాలంటీర్లకి నెలకి ఐదువేలు కాదు పదివేలిస్తామని ఎలక్షన్లో చెప్పి, గెలిచాక ఆ వ్యవస్థే లేకుండా చేశారు. ఆ పిల్లల గురించి ఎవరు అడిగారు?

యార్డు దగ్గర:
రెండూ ఒకటి కాదు బ్రదర్. బండి వీధి మొగలో ఆగేది, జనం సంచులు పట్టుకుని ఎండలో నిలబడేవాళ్ళు, కూలికి పోయినోళ్ళు తిరిగొచ్చేసరికి బండి ఉండేది కాదు. ఇప్పుడు 65 దాటినవాళ్ళకి, వికలాంగులకి ఇంటికే ఇస్తున్నారు. పనికిరానిది తీసేయడం వేరు, కక్షతో తీసేయడం వేరు.

గోదారి గట్టు:
అదేనండీ నా బాధ. మీవాళ్ళు తీస్తే పనికిరానిది, అవతలివాళ్ళు తీస్తే కక్ష. మావాళ్ళూ ఇదే మాట తిరగేసి అంటారు.

తుళ్ళూరు:
బళ్ళు, క్యాంటీన్లు మళ్ళీ పెట్టుకోవచ్చు, మా సంగతి చూడండి. అమరావతి రాజధాని కోసం ల్యాండ్ పూలింగులో దాదాపు 33 వేల ఎకరాలిచ్చాం. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇళ్ళ స్థలం, 250 గజాల కమర్షియల్, పదేళ్ళు కౌలు అని కాగితం రాసిచ్చింది ప్రభుత్వం, పార్టీ కాదు. 2019 డిసెంబర్లో వైసీపీ వాళ్ళు మూడు రాజధానులన్నారు, అప్పట్నుంచి మేం టెంట్లలో కూర్చుంటే పెయిడ్ ఆర్టిస్టులని, ఒకే కులం వాళ్ళని అన్నారు. భూమిచ్చినవాళ్ళలో ఎస్సీలు, బీసీలు, అరెకరం ఉన్నవాళ్ళు ఎంతమందో వచ్చి చూడమనండి. 2022 మార్చిలో హైకోర్టు మాకు అనుకూలంగా తీర్పిచ్చాక కూడా వైసీపీ ఉన్నన్నాళ్ళూ ఒక్క ఇటుక పడలేదు.

సీమవాసి:
అన్నా, మీ కష్టం నిజం. కానీ మా మాట ఎత్తితే చాలు వైసీపీ ముద్ర వేస్తారు, అది తప్పు. కోస్తా, సీమ నాయకులు రాసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం ఏ పార్టీది? రాజధానో హైకోర్టో సీమకి రావాలన్నది అందులోని మాట. 1953లో కర్నూలు రాజధాని అయింది, 56లో హైదరాబాద్ కి పోయింది, 2014 తర్వాత మమ్మల్ని అడిగినవాడే లేడు. సీమకి హైకోర్టు కావాలని మేం అడిగితే అమరావతికి శత్రువులమా?

కృష్ణలంక:
సీమవాసి గారూ, హైకోర్టు విషయంలో నేను మీవైపే, బెజవాడలో ఉండి చెప్తున్నా. ఒక్క లెక్క చూడండి అందరూ. 2019లో టీడీపీకి 23 సీట్లు, ఓట్లు 39 శాతం. 2024లో వైసీపీకి 11 సీట్లు, ఓట్లు మళ్ళీ 39 శాతమే. సీట్లు చూసి అవతలి పార్టీ చచ్చిపోయింది అనుకుంటున్నారు గానీ పదిమందిలో నలుగురు అక్కడే ఉన్నారు, గెలిచినవాడు ఏది ఆపినా ఆ నలుగురికీ తమని కొట్టినట్టే ఉంటుంది. నిలదీయాల్సిన అసెంబ్లీలో చూస్తే 2021 నవంబర్లో చంద్రబాబు సీఎం అయ్యాకే వస్తానని బయటికి పోయారు, ఇప్పుడు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని జగన్ పోవట్లేదు. ఏదైనా పథకం ఆపాలంటే ఎంత ఖర్చయింది, ఎందుకు పనికిరాలేదు, దాని మీద బతికేవాళ్ళకి ఏం చేస్తారు అన్నది ముందు సభలో పెట్టి చర్చ జరిగాకే ఆపేలా చట్టం తేవాలి. యార్డు గారూ, గోదారి గారూ, దీనికి ఒప్పుకుంటారా?

గోదారి గట్టు:
ఒప్పుకుంటా, మావాళ్ళకీ వర్తించాలి.

యార్డు దగ్గర:
చర్చకి అవతలివాళ్ళు రాకపోతే? వాళ్ళొచ్చేదాకా పనికిరానిదాన్ని కూడా మోస్తూ ఉండాలా? దానికి సమాధానం చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా.