ర్యాప్‌లో ప్రాస ఎక్కడ పడాలి? పాదం చివరనా, మొదట్లోనా?

నిన్న మన గ్రూపులో ఒక పెద్దాయన "తెలుగుకు ర్యాప్ అతకదు, మన భాష సాగుతది, దెబ్బ పడదు" అన్నారు. దాని కింద చాలామంది అవునవును అన్నారు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. అతకనిది భాష కాదు, మన పిల్లలు ప్రాసను పెడుతున్న చోటు. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరైనా, పాలమూరు తెలంగాణ చౌరస్తాలో అయినా ఫోన్ ముందర నిలబడి ర్యాప్ చేసే పిల్లల పాటలు వినండి. ఎవరి పాటా ఎత్తి చూపకుండా నమూనాకు నేనే నాలుగు పాదాలు అల్లుతున్నా:

బూట్లు ఏసుకొని వస్తున్నా
బీటు మీద బీటు ఏస్తున్నా
మిమ్మల్నందర్నీ చూస్తున్నా
అడ్డమొస్తే పక్కకు తీస్తున్నా

నాలుగు చోట్లా "స్తున్నా" పడింది. బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ ఎనిమిది పాదాలు దాటేసరికి విసుగొస్తుంది. ఎందుకంటే ఇది కవి వెతికి తెచ్చిన ప్రాస కాదు. తెలుగులో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, కర్త ఒక్కడే అయి కాలం ఒక్కటే అయితే ప్రతి క్రియకూ తోక ఒకటే వస్తుంది. వస్తున్నా, పోతున్నా, తింటున్నా, పంటున్నా, ఎంతసేపైనా అనుకుంటూ పోవచ్చు. ఊరికే దొరికినదాంట్లో పనితనం ఏముంటుంది?

ఇంగ్లీషు సంగతి వేరు. వాళ్ల మాటలు ఎక్కువగా హల్లుతో ఆగిపోతాయి, ఒక్కో మాట ఒక్కో రకంగా. రెండు మాటల చివరలు కలవాలంటే వెతుక్కోవాలి, ఆ వెతుకులాట వినేవాడికి తెలుస్తుంది, అందుకే అక్కడ అంత్యప్రాసకు అంత విలువ. మనది అజంత భాష, మాట చివర అచ్చు ఉంటుంది, కాబట్టి చివరలు వాటంతటవే కలుస్తాయి. మన లాక్షణికులు, అంటే పద్యానికి నియమాలు రాసినవాళ్లు, ఇది ఏనాడో పసిగట్టి ప్రాసను పాదం మొదట్లో రెండో అక్షరం దగ్గర పెట్టారని నేను గట్టిగా నమ్ముతున్నా. బడిలో అందరం బట్టీపట్టిన సుమతీ పద్యం గుర్తు తెచ్చుకోండి: అక్కరకు, మ్రొక్కిన, ఎక్కిన, గ్రక్కున. చుట్టం, వేల్పు, గుర్రం అని మూడు వేర్వేరు సంగతులను ఆ "క్క" ఒక్కటే పట్టి ఉంచింది.

ఇంకో విచిత్రం ఏమిటంటే ఇంగ్లీషు ర్యాప్ కూడా చివర్ల దగ్గరే ఆగిపోలేదు. 1973 ఆగస్టులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హర్క్ పెట్టిన పార్టీని, ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్‌హాప్ పుట్టుకగా చెప్తారు. తొలినాళ్ల రికార్డుల్లో ప్రాస ఎక్కువగా పాదాల చివరే ఉండేది. 1987లో ఎరిక్ బీ, రాకిమ్ అనే ర్యాప్ జంట మొదటి ఆల్బమ్ వచ్చాక పాదం నడుమ కూడా ప్రాసలు గుచ్చడం పెద్ద విద్య అయింది. అంటే చివర ప్రాస దొరకడం కష్టమైన భాషలోనే వాళ్లకు అది చాలలేదు. మనకు చాలుతుందా?

బతుకమ్మ పాట చూడండి. ప్రతి పాదం చివరా "ఉయ్యాలో" వస్తుంది. చివరి చోటును అందరూ కలిసి అందుకోవడానికి వదిలిపెట్టి, చెప్పాల్సిన కథంతా పాదం లోపల చెప్తారు. మా పల్లెల్లో ఆడవాళ్లకు ఛందస్సు ఎవరూ నేర్పలేదు. చివర కొత్తదనం చూపించనక్కర లేదని వాళ్ల చెవికే తెలుసు.

కవి పాల్కురికి సోమన పదమూడో శతాబ్దంలో ద్విపదను ఎత్తుకున్నది కూడా నలుగురూ పాడుకోవాలనే. రెండేసి పాదాల జోడీ, రెండో అక్షరం ప్రాస, మూడో గణం (అక్షరాల గుంపు) మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జత కలిసే అక్షరం, ఇంక ఎంత పొడుగు కథైనా నడిపించొచ్చు. ర్యాప్ చేసే పిల్లలకు అక్షరాల లెక్క గట్టిగా ఉండే వృత్తాలు అక్కర్లేదు, ద్విపద ఒక్కటి చేతికిస్తే చాలు.

దీని కింద గ్రూపులో వచ్చిన ప్రశ్నలు, నా జవాబులు ఇవి.

మిర్యాలగూడ నుంచి ఒకరు: అన్నా, మీరు చెప్పింది కాగితం మీద బాగుంది. కానీ బీట్ మీద రెండో అక్షరం ఎవరికి వినపడుతుంది? జనానికి చివరి మాటే గుర్తుంటుంది కదా.

నా జవాబు: వినపడుతుంది తమ్ముడూ, డప్పు దగ్గర నిలబడి చూడు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ గట్టిగా పడ్డచోట పాదం ఎత్తుకుంటే, ఆ మోత చెవిలో ఆరకముందే రెండో అక్షరం వచ్చేస్తుంది. నాలుగు దరువులు అట్లా నడిస్తే వినేవాడు ఐదో దరువుకు ఆ అక్షరం కోసం ఎదురు చూస్తాడు. నువ్వు బీట్ అన్నదానికి మన దగ్గర దరువు అనే మాట సిద్ధంగా ఉంది, అది కూడా వాడుకుందాం.

చివర కూడా దెబ్బ పడాలి అంటావా, దానికీ మన దగ్గర సామాను ఉంది. దెబ్బ కోసం స్ట్రీట్, బీట్, హీట్ అని ఇంగ్లీషు మాటలు తెచ్చి చివర్లో పెడుతున్నారు, హల్లుతో తెగుతాయి కాబట్టి. ఉర్దూ కలిసిన మన దక్షిణ తెలంగాణ మాటలో అట్లా తెగే పదాలు ఇంట్లో అమ్మమ్మల నోట్లోనే ఉన్నాయి: పరేషాన్, సామాన్, మకాన్, ఆసాన్, బేకార్, బజార్, కారోబార్. ఇవి క్రియల తోకలు కావు, వెతికి ఏరుకోవాల్సిన మాటలు. కోస్తా పిల్లవాడికి ఇవి తెచ్చిపెట్టుకున్నట్టు ఉండొచ్చు, దేవరకొండ పిల్లవాడికి సహజంగా వస్తాయి. ఈ ఆస్తి మనకుండగా "యో బ్రో" అని ఎందుకు మొదలుపెట్టాలి?

వనపర్తి నుంచి ఒకరు: ప్రాస సరే సార్. అసలు ఆ పాటల్లో విషయం ఏముంది? బూట్లు, గొలుసులు, కార్లు. పదిమంది పాప్ స్టార్లను చూసి మన పిల్లలు ఫస్ట్ కాపీ (బ్రాండుకు నకలు) బూట్లు కొనుక్కొని తిరుగుతున్నారు. దీన్ని కవిత్వం అనమంటారా?

నా జవాబు: పాట అన్నదల్లా కవిత్వం అనను, గొలుసులూ కార్లూ లెక్కపెట్టుకునే పాటలు నాకూ నచ్చవు. కానీ బాగా రాస్తే లోకం గుర్తిస్తుంది. అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లామార్ ఆల్బమ్‌కు 2018లో సంగీతానికిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది, అంతకుముందు అది శాస్త్రీయ సంగీతానికీ జాజ్‌కీ తప్ప పోలేదు. ఇక బూట్ల సంగతి. న్యూయార్క్ క్వీన్స్ పిల్లల ర్యాప్ బృందం రన్ డీఎంసీ వాళ్లు 1986లో తమ అడిడాస్ బూట్ల మీదే పాట కట్టారు. లేసులు లేకుండా తొడుక్కున్న ఆ బూట్లను చూసి రౌడీలు అనేవాళ్లుండేవారు. మేము ఈ బూట్లతోనే పెద్ద స్టేజీలు ఎక్కాం అని వాళ్లు జవాబు చెప్పుకున్నారు. కంపెనీ తర్వాత వాళ్లతో ఒప్పందం రాసుకుంది, వ్యాపారం అక్కడి నుంచి మొదలైంది. ముందు వచ్చింది మాత్రం అభిమానం.

నల్లగొండ జిల్లా వాళ్లం, కాలికి తొడుక్కునేదాని విలువ మనకు ఒకరు చెప్పాలా? దొర గడీ (కోటలాంటి ఇల్లు) ముందర చెప్పులు విడిచి చేతబట్టుకొని నడిచిన తాతలు చాలా ఇళ్లల్లో ఉన్నారు. ఆ తాత మనుమడు ఇవాళ తెల్లటి బూట్లు తొడుక్కొని బజార్లో నడిస్తే అది ఫస్ట్ కాపీనా, అసలుదా అని నేను అడగను. అయితే ఆ పిల్లవాడికి ఈ కథ తెలిసి ఉండాలి, పాటలోకి రావాలి. అప్పుడు బూటు సరుకుగా మిగలదు. ఒక ప్రయత్నం చేశా, ప్రాస రెండో అక్షరమే:

గడి ముంగట చెప్పులిడిసిన తాతకు
నడి బజార్ల నేను మనుమణ్ణి
అడిడాస్ ఏసిన కాలు సూడు
అడిగెటోడెవడు ఇయ్యాల?

చివర ఏ రెండు పాదాలూ కలవలేదు. దరువు మీద అని చూడండి, లోటు తెలుస్తుందేమో చెప్పండి.

నాగర్‌కర్నూల్ నుంచి ఒకరు: అన్నా, మా వైపు పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం వాయించే మొగులయ్య గారిని మర్చిపోతే ఎట్లా? పండుగ సాయన్న కథ చెప్పేటప్పుడు పాట మధ్యల మాట, మాట మధ్యల పాట. ర్యాప్ అన్నా అదే గదా?

నా జవాబు: మంచి మాట అక్కా. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, అంతకుముందే సినిమా పాటలో గొంతు వినపడింది. అదీ ఇదీ ఒకటే అని మాత్రం నేను అనను. కిన్నెర కథ ఒక వీరుణ్ణి మోస్తుంది, ర్యాప్‌లో పాడేవాడే వీరుడు, ఆ తేడా పెద్దది. మాటకూ పాటకూ నడుమ గోడ లేకపోవడం మాత్రం అక్కడ నేర్చుకోదగ్గది. పేదలను ఆదుకున్న సాయన్న కథను దరువు మీద చెప్పే పిల్లవాడు పాలమూరు నుంచి రావాలని నాకు చాలా ఆశ.

సూర్యాపేట నుంచి ఒకరు: ఒక అనుమానం. మేము నీళ్లును నీల్లు అంటాం, కాళ్లను కాల్లు అంటాం. ప్రాసలో ల, ళ కలిపితే తప్పా?

నా జవాబు: తప్పు కాదు, పాత కవులే ఆ రెంటినీ కలిపారు, దాన్ని అభేద ప్రాస అంటారు. చూసుకోవాల్సింది ఇంకొకటి. మొదటి అక్షరం ఒక పాదంలో లఘువైతే (పొట్టిగా పలికేది) అన్నింటిలోనూ లఘువే ఉండాలి, గురువైతే (బరువుగా పలికేది) గురువే. గడికి నడి కలుస్తుంది, గాడి కలవదు. పుస్తకంలో ఉంది కాబట్టి ఇది చెప్పడం లేదు, దరువు మీద అంటే చెవికే తట్టుకుంటుంది. మీ ఊరి మాటలోనే నాలుగు పాదాలు రాసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.