అమ్మ రొమ్ము మీద సొట్ట. నొప్పి లేదంటోంది, పెళ్ళయ్యేదాకా ఆగవచ్చా?

తెనాలి అమ్మాయి:

అమ్మకు 58 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో నాన్నతో ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, తలంటుకుని వచ్చిన అమ్మ దండెం మీది చీర అందుకోవడానికి చెయ్యి పైకెత్తింది. ఎడమ రొమ్ము కింది అంచున చిన్న సొట్ట కనిపించింది. చెయ్యి దించగానే పోయింది. మళ్ళీ ఎత్తమన్నాను, మళ్ళీ పడింది. చపాతీ పిండి ముద్దను బొటనవేలితో నొక్కి వదిలితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, "దసరాకు ముందు నుంచే అనుకుంటాను, నొప్పి లేదు కదా" అంది. చేత్తో తడిమి చూశాను. ఒకచోట గట్టిగా తగిలినట్టు అనిపించింది, భ్రమ కూడా కావచ్చు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు కొవ్వు అని చెప్పి మాత్రలు ఇచ్చారట. మా వంశంలో ఎవరికీ క్యాన్సర్ లేదు, ఇద్దరికి పాలిచ్చాను, నాకెందుకు వస్తుంది అని అమ్మ వాదన. ఫిబ్రవరిలో పెద్దమ్మ మనవరాలి పెళ్ళి ఉంది, అది అయ్యాక చూద్దామంటోంది.

నేను అతిగా భయపడుతున్నానా? ఏ డాక్టరుకు చూపించాలి? నాన్నకు ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు. రొమ్ము అనే మాట మా ఇంట్లో ఎవరమూ పైకి అనము.

కుట్టుమిషన్:

అమ్మాయీ, ఆగవద్దు. మీ అమ్మ చెప్పిన మాటే మూడేళ్ళ క్రితం నేనూ అన్నాను. నొప్పి లేదు కదా అని.

గుంటూరులో ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఊరందరి కొలతలూ నా నోట్‌బుక్కులో ఉన్నాయి, నా ఒంటిని మాత్రం నేను చూసుకోలేదు. నాకు ముందు కనిపించింది గడ్డ కాదు. కుడివైపు చనుమొన లోపలికి తిరిగింది. కొందరికి చిన్నప్పటి నుంచీ అలాగే ఉంటుంది, దానికి భయం లేదు. నాది కొత్తగా, ఒక్కవైపే తిరిగింది. వయసు వల్ల అనుకుని ఐదు నెలలు గడిపాను. దసరా, దీపావళి, కార్తీకం, పెళ్ళిళ్ళ సీజను, సంక్రాంతి. మా పనిలో ఖాళీ రోజు ఎక్కడుంటుంది? చూపించుకునేసరికి చంకలోని గ్రంథికి కూడా పాకింది. ఆపరేషన్, కీమో, మూడు వారాల రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజుకొక మాత్ర వేసుకుంటూ మిషను తొక్కుతున్నాను.

నెలసరికి ముందు రెండు వైపులా సలుపు వస్తే ఎంత కంగారు పడేదాన్నో! అది చాలామందికి మామూలే. అసలు సంగతి వచ్చినప్పుడు చప్పుడే చేయలేదు.

నాన్నగారి దగ్గర "ఆడవాళ్ళ సమస్య" అనకు. ఆయన గర్భసంచి అనుకుని ఊరుకుంటారు. రొమ్ములో తేడా ఉంది, సర్జన్‌కు చూపించాలి, ఫలానా రోజు బండి కావాలి అని చెప్పు. మా ఆయనకు నేను అలాగే చెప్పాను. ఒక్క నిమిషం నేల చూపులు చూసి, లేచి చొక్కా వేసుకున్నారు.

మామోగ్రామ్ గది:

నేను రేడియోగ్రాఫర్‌ని. డాక్టరును కాను, కాబట్టి నా పని వరకే చెబుతాను.

చెయ్యి ఎత్తితే సొట్ట పడటమంటే లోపల ఏదో చర్మాన్ని పట్టి లాగుతోందని అర్థం. క్యాన్సర్ కానివి కూడా అలా లాగవచ్చు, కానీ చూడకుండా వదిలేసే గుర్తు కాదు. జనరల్ సర్జన్ దగ్గరికో రొమ్ము సర్జన్ దగ్గరికో వెళ్ళండి. చేత్తో పరీక్ష, ఫొటోలు, అవసరమైతే సూదితో ముక్క తీయడం, ఈ మూడూ కలిపి చూస్తేనే తేలుతుంది. 58 ఏళ్ళకు మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, బాగా కనిపిస్తుంది. చిన్న వయసువారికి ముందుగా అల్ట్రాసౌండ్ చేస్తారు.

ఆ రోజు చంకల్లో పౌడరు, స్ప్రే వద్దని అమ్మగారికి చెప్పండి. ఆ రేణువులు ఫొటోలో కాల్షియం చుక్కల్లా పడి మమ్మల్ని తిప్పలు పెడతాయి. రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు గట్టిగా నొక్కుతాం. నొప్పిగానే ఉంటుంది, ఉండదని అబద్ధం చెప్పను.

రిపోర్టు చివర బై-రాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. సున్నా చూసి "ఏమీ లేదట" అని మిఠాయిలు పంచినవాళ్ళను చూశాను! సున్నా అంటే ఇంకా ఫొటోలు కావాలని. 1, 2 అయితే నిశ్చింత. 3 అయితే సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ రమ్మంటారు. 4, 5 అయితే ముక్క తీయాలి. ఫొటో బాగుందని చెప్పినా చేతికి గడ్డ తగులుతుంటే సర్జన్ మాటే వినండి.

వంశంలో లేదన్న ధీమా వద్దు. ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ ఉండదు. పాలివ్వడం వల్ల ముప్పు తగ్గుతుంది, పోదు. బత్తాయి తొక్కలా గుంటలు పడ్డ చర్మం, పిండకుండానే ఒక్క చనుమొన నుంచి రక్తపు చార, ఏ మందు రాసినా మానని చనుమొన పుండు, యాంటీబయాటిక్ వాడినా తగ్గని ఎరుపు, వీటికీ ఇంట్లో వైద్యం చేయవద్దు.

చేత్తో చూసే పరీక్షను తేలికగా తీసుకోకండి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్ళు గమనించారు. రెండేళ్ళకోసారి శిక్షణ పొందిన కార్యకర్తలు చేత్తో పరీక్షించినందువల్ల, 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 30 శాతం వరకు తగ్గాయని 2021లో ప్రచురించారు. మీ అమ్మగారిది ఆ వయసే.

వరంగల్ నుంచి:

సూది గుచ్చితే పాకుతుందని మా అత్తగారు పట్టుబట్టడంతో నా భార్యకు మూడు వారాలు ఆలస్యం చేశాం. డాక్టరు గారు అది నిజం కాదని ఓపికగా చెప్పారు. మత్తిచ్చి తీశారు, స్టాప్లర్ కొట్టినట్టు టక్కుమని చప్పుడైంది, అంతే. ఆమెకు 29 ఏళ్ళు, వేలికింద గోలీలా జారే గడ్డ. ఫైబ్రోఅడినోమా అని తేలింది, క్యాన్సర్ కాదు. చాలా గడ్డలు ఇలాంటివేనట. ఆ మూడు వారాలు మేము తిన్న అన్నం అన్నం కాదు.

తెనాలి అమ్మాయి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న గుంటూరు తీసుకెళ్ళాను. నాన్నకు ఆ మాట అనేశాను. ఏమీ అనలేదు, బస్సులో మాత్రం అమ్మ సంచి తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు. రిపోర్టులో 4 వచ్చింది. మంగళవారం ముక్క తీస్తారు. పెళ్ళికి వెళ్ళవచ్చా అని అమ్మ డాక్టరు గారిని అడిగింది. ఫలితం చూసి చెబుతానన్నారు. ఇప్పుడు పట్టుచీర మీది జాకెట్టు కుట్టడానికి ఇవ్వాలా వద్దా అని ఒకటే గొడవ.

కుట్టుమిషన్:

ఇవ్వమను. హుక్కులు ముందువైపు పెట్టించండి, చెయ్యి వెనక్కి తిప్పే పని ఉండదు. ఎడమవైపు లోపల ఒక అంగుళం గుడ్డ వదలమని చెప్పండి. ఎటు మార్చాల్సి వచ్చినా తర్వాత విప్పి సరిచేసుకోవచ్చు. మంగళవారం సాయంత్రం ఇక్కడ రాయి, చూస్తూ ఉంటాను.