అప్‌డేట్: ప్రార్థనలో మనసు నిలవట్లేదని అడిగాను కదా

అందరికీ వందనాలు. మోకరించగానే ఈఎంఐలు, ఆఫీసు టెన్షన్లే గుర్తొస్తున్నాయని రెండు నెలల కిందట రాశాను. ఉదయం 4 గంటలకు లేవమని చాలామంది చెప్పారు. లేచాను, మూడో రోజుకే మంచానికి ఆనుకుని నిద్రపోయాను! నైట్ షిఫ్టు వాడికి అది కుదిరే పని కాదు.

పనికొచ్చింది ఒక అక్క చెప్పిన మాట: ఆ చింతల్ని తోసేయకు, వాటినే ప్రార్థన చెయ్యి అని. బైబిల్లో ఫిలిప్పీ పత్రిక 4:6లో పౌలు చెప్పిందీ అదే, చిన్నప్పటి నుంచి కంఠస్థం వచ్చినా నాకు తట్టలేదు. ఇప్పుడు నోట్‌బుక్‌లో అప్పు, అమ్మ షుగరు, మేనేజరు పేరు, అన్నీ రాసుకుని ఒక్కొక్కటే దేవునితో చెప్పుకుంటున్నాను. మేనేజరు కోసం ప్రార్థించడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది.

తర్వాత ఒక్క కీర్తన, పైకి చదువుతాను. 13వ కీర్తన ఆరే వచనాలు. ఎంతకాలం, ఎంతకాలం అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. అలా అడగొచ్చని తెలిశాక గుండె తేలికైంది. ఫోన్ పక్క గదిలో పెడుతున్నాను.

అప్పు అలాగే ఉంది. నిద్ర మాత్రం పడుతోంది. ఆ అక్కకు థాంక్స్.