ట్రేడ్‌మార్క్ దరఖాస్తులో వాడకం తేదీ తప్పు పడింది, ఇప్పుడు అభ్యంతరం వచ్చింది

నమస్కారం. గుంటూరులో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. మా పేరుకు క్లాస్ 29లో (పచ్చళ్లలాంటి ఆహార సరుకుల వర్గం) వర్డ్ మార్క్ (లోగో కాదు, పేరుకే ట్రేడ్‌మార్క్) కోసం టీఎం-ఏ అనే దరఖాస్తు ఫారం నేనే ఆన్‌లైన్లో నింపాను. ఉద్యం సర్టిఫికెట్ (చిన్న వ్యాపారంగా నమోదు) ఉంది కాబట్టి తగ్గింపు ఫీజు 4,500 కట్టాను.

పొరపాటు ఎక్కడంటే, పేరు 2019 నుంచి వాడుతున్నా, ఫారంలో 'ప్రపోజ్డ్ టు బి యూజ్డ్' (ఇకపై వాడబోతున్నాం) అని పెట్టేశాను. ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఇచ్చిన ఎగ్జామినేషన్ రిపోర్టులో సెక్షన్ 11 కింద (ముందున్న మార్కుతో పోలిక ఉందని) అభ్యంతరం వచ్చింది. పలకడానికి మా పేరులాగే ఉన్న మార్కు ఒకటి చూపించారు. అది నాకంటే ముందే దాఖలైంది, కానీ వాళ్లు వాడకం 2021 నుంచే అని రాసుకున్నారు. నా దగ్గర 2019 నాటి బిల్లులు, లేబుల్ ప్రింటింగ్ రసీదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్నాయి. ఆరేళ్లుగా జనం నోట్లో నానిన పేరు, వదులుకోలేను.

హెల్ప్‌డెస్క్‌కు రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. మా ఆడిటర్ గారు ఇది వెనక్కి తీసుకుని కొత్తగా వేయమంటున్నారు. తెలిసినాయన ఒకరు టీఎం-ఎం (దరఖాస్తులో సవరణ కోరే ఫారం) వేసి తేదీ మార్చుకోవచ్చన్నారు, కానీ అంత పెద్ద మార్పు ఒప్పుకోరని ఇంకొకరు అన్నారు. జవాబివ్వడానికి 30 రోజుల గడువులో 11 రోజులే మిగిలాయి.

ఇలాంటి కేసు నడిపినవాళ్లు చెప్పండి: ఈ దరఖాస్తు మీదే అఫిడవిట్, పాత బిల్లులు పెట్టి జవాబిస్తే 2019 వాడకాన్ని లెక్కలోకి తీసుకుంటారా, లేక సరైన తేదీతో కొత్త దరఖాస్తు వేయక తప్పదా?