చెరువులో చేపలెన్ని? గుర్తు వేసి లెక్కించినవారు అనుభవాలు చెప్పగలరు

చెరువు పాటదారు, చీపురుపల్లి:
మేము నలుగురం కలిసి ఈ ఏడాది మా ఊరి చెరువును పాటలో దక్కించుకున్నాం. వానాకాలంలో చెరువు పొర్లడంతో వేసిన శీలావతి పిల్లల్లో ఎన్ని పోయాయో, ఎన్ని మిగిలాయో తెలియలేదు. డిగ్రీ చదువుతున్న మా తమ్ముడి కూతురు చెప్పినట్టు, మదుము (నీరు వదిలే తూము) దగ్గర వల వేసి 80 చేపలను పట్టి, పొట్ట కింద కుడివైపు రెక్క కొన కత్తిరించి అక్కడే వదిలాం. మర్నాడు అదే చోట 100 చేపలు పడితే వాటిలో 20 గుర్తున్నవి. ఆ లెక్కన చెరువులో ఉన్నవి 400. అన్నిటినీ తిరిగి వదిలేసి, పది రోజుల తరువాత చెరువు నడుమనా ఎగువనా వల లాగాం. అప్పుడు పడిన 100లో గుర్తున్నవి 8 మాత్రమే, అంటే చెరువులో 1,000 చేపలు. ఒకే చెరువుకు వచ్చిన ఈ రెండు సంఖ్యల్లో దేన్ని నమ్మాలి?

లెక్కల మాస్టారు, టెక్కలి:
మీ గుణకారంలో తప్పు లేదు. పట్టిన వందలో గుర్తున్నవి ఎన్నో వంతు ఉంటే, మొత్తం చెరువులో మీ 80 చేపలూ అదే వంతు ఉంటాయన్నదే దీని మూలం. అయితే గుర్తు వేసిన చేపలు మిగతావాటితో బాగా కలిసిపోయినప్పుడే ఆ మాట నిలుస్తుంది. వదిలిన చోటే మర్నాడు వల వేస్తే అక్కడక్కడే తిరుగుతున్న గుర్తు చేపలు ఎక్కువగా పడతాయి కనుక, 400 అన్నది తప్పకుండా తక్కువ అంచనాయే.

ఎనిమిదో తరగతి పిల్లలకు నేను దీన్ని కుండలో చింతపిక్కలు పోసి చూపిస్తాను. కొన్ని పిక్కలకు తెల్లరంగు పూసి పైన వేసి, కుండ కదపకుండా గుప్పెడు తీయమంటే ప్రతిసారీ లెక్క తక్కువే వస్తుంది. బాగా కలిపి తీసినప్పుడు అసలు సంఖ్య చుట్టుపక్కలకు చేరుతుంది.

ఇక 1,000 అన్నదాన్ని కూడా గట్టి సంఖ్యగా తీసుకోకండి. గుర్తున్నవి తక్కువగా దొరికినప్పుడు ఈ సాదా సూత్రం కొంత ఎక్కువ చూపిస్తుంది. దానికి 1951లో గణాంక శాస్త్రవేత్త చాప్‌మన్ చేసిన సవరణ ప్రకారం మీ 80, 100, 8లకు ఒక్కొక్కటి కలిపి, 81ని 101తో గుణించి, 9తో భాగించి, ఒకటి తీసివేయాలి. మీకు 908 వస్తుంది. తిరిగి దొరికినవి ఎనిమిదే కాబట్టి అసలు సంఖ్య సుమారు 400 మొదలు 1,400 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. మొదట ఎన్నిటికి గుర్తు వేశామన్నదానికంటే, రెండోసారి గుర్తుతో ఎన్ని దొరికాయన్నదే అంచనాకు బలం. పొరపాటు పదో వంతుకు దిగాలంటే అవి ఇంచుమించు వంద ఉండాలి.

తాబేళ్ల సంరక్షణ కార్యకర్త, బారువ:
మాస్టారు గారు కలవడం గురించి చెప్పారు. మా తీరంలో మేము చూసిన కష్టం గుర్తు ఊడిపోవడం. గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లలో, ముందు రెక్కకు గుర్తుగా వేసిన బిళ్ల ఉండవలసిన చోట పాత రంధ్రం మాత్రమే మిగిలినవాటిని నేను చూశాను. చీకట్లో ఆ మచ్చను గమనించకపోతే దాన్ని కొత్త తాబేలుగానే రాసుకుంటాం. వందకు బిళ్ల వేస్తే అందులో పాతిక ఊడిపోయాయనుకోండి, గుర్తున్నవి 75 అయినా మనం 100 అనుకునే లెక్క కడతాం కాబట్టి అంచనా మూడో వంతు పెరిగిపోతుంది. అందుకే పరిశోధకులు రెండు రెక్కలకూ బిళ్లలు వేస్తారు. ఒకటి పోయి ఒకటి మిగిలినవి ఎన్నో చూస్తే, రెండూ పోయినవి ఎన్ని ఉండవచ్చో తేలుతుంది. మగ తాబేళ్లు ఒడ్డుకు రావు కనుక ఇసుక మీద చేసే లెక్క గుడ్లు పెట్టే ఆడవాటికే చెల్లుతుంది. ఒకే తాబేలు ఒక్క సీజనులో ఒకటికంటే ఎక్కువసార్లు గుడ్లు పెట్టగలదు కాబట్టి జాడలను లెక్కపెట్టి అన్ని తాబేళ్లున్నాయని చెప్పడమూ కుదరదు.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు, విజయనగరం:
పాటదారు గారూ, కొద్దిగా కత్తిరించిన రెక్క కొన మళ్లీ పెరుగుతుంది. పది రోజులకు ఇబ్బంది లేదు గానీ, నెలలు గడిస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది. ఒకసారి వలలో పడిన చేప బెదిరి వలకు దూరంగా తిరిగితే అంచనా పెరుగుతుంది, మేతకు అలవాటుపడి పదేపదే పడితే తగ్గుతుంది. మధ్యలో చేపలు బయటికి పోకుండా, కొత్తవి చేరకుండా చూసుకోవడం మరీ ముఖ్యం. మదుముకు జాలీ బిగించకుండా ఏ లెక్కా మొదలుపెట్టకండి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. డెన్మార్క్‌లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త 1896లో చేపలకు గుర్తులు వేశాడు, అమెరికాలో లింకన్ 1930లో నీటిపక్షుల కాలి ఉంగరాలతో ఇదే నిష్పత్తిని వాడాడు. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో పులుల పరిశోధకుడు ఉల్లాస్ కారంత్ పులిని పట్టకుండానే దాని చారలను గుర్తుగా తీసుకున్నారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, ఊడిపోవు. కుడి ఎడమల చారలు వేరు కాబట్టి బాటకు రెండువైపులా కెమెరాలు పెడతారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను మాత్రం నేరుగా లెక్కపెట్టవచ్చు. కంటికి కనిపించే ప్రాణిని పట్టి బాధపెట్టడం అనవసరమని నా గట్టి అభిప్రాయం.

చెరువు పాటదారు, చీపురుపల్లి:
మీరందరూ చెప్పినట్టే మళ్లీ చేశాం. మదుముకు జాలీ కట్టి, చెరువు నాలుగు మూలలా పట్టిన 200 చేపలకు, పాత గుర్తుతో కలవకుండా ఈసారి ఎడమవైపు రెక్క కొన కత్తిరించి, ఎక్కడ పట్టినవి అక్కడే వదిలాం. రెండు వారాల తరువాత అన్ని వైపులా వల లాగితే 250 పడ్డాయి, వాటిలో ఎడమ గుర్తున్నవి 46. మాస్టారు గారి సవరణతో 1,072 వచ్చింది. వేసవిలో నీరు తోడి పట్టుబడి చేసినప్పుడు, తూకానికి ముందు ఒక్కొక్కటే లెక్కపెట్టించాను. 1,143 శీలావతులు ఉన్నాయి.