స్వలింగ వివాహ హక్కునీ, నల్లజాతివాళ్ల పోరాటాన్నీ ఒకే గాటన కట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ ఒహాయోలో పదకొండో తరగతి. పై ప్రశ్న మీదే క్లాసులో డిబేటు. ‘కట్టొచ్చు’ అనే పక్షం తనది. సాయం చెయ్యి నాన్నా అంది కానీ, నాకే సగంలో అడ్డం పడుతోంది.

పెళ్లి వరకూ పోలిక బాగానే కుదిరింది. తెల్లాయన రిచర్డ్ లవింగ్, నల్లజాతి మూలాలున్న మిల్డ్రెడ్ పెళ్లి చేసుకున్నందుకు 1958లో వర్జీనియా పోలీసులు అర్ధరాత్రి పడగ్గదిలోకొచ్చి పట్టుకున్నారు. తెల్లవాళ్లూ, నల్లవాళ్లూ పెళ్లాడకూడదన్న ఆ చట్టాన్ని 1967లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. స్వలింగ వివాహాన్ని దేశమంతటా హక్కు చేసిన 2015 ఒబెర్గెఫెల్ తీర్పు ఆ కేసునే ఆసరా చేసుకుంది. మా ఒహాయో ఆయన జిమ్ ఒబెర్గెఫెల్ అడిగిందెంత? చావుబతుకుల్లో ఉన్న భాగస్వామి డెత్ సర్టిఫికెట్లో భర్తగా తన పేరుండాలని, అంతే. (వాళ్ల పెళ్లి మేరీలాండ్ ఎయిర్‌పోర్టులో ఆగున్న విమానంలో జరిగింది!) 2007లో మిల్డ్రెడ్ స్వయంగా స్వలింగ వివాహాలకు మద్దతు పలికారు.

చిక్కంతా పెళ్లి దాటాకే. బానిసత్వం, వేరు బళ్లు, ఓటుకి అడ్డుపుల్లలు తరతరాలుగా నడిచాయి. ఒంటి రంగు దాచుకునేదీ కాదు. అవతలి పక్షం ఇదే ఎత్తుతుంది, అందులో న్యాయముందనే నాకూ అనిపిస్తోంది. నల్లజాతివాళ్ల హక్కుల కోసం 1963లో జరిగిన వాషింగ్టన్ మార్చ్‌ ఏర్పాట్లన్నీ ముందుండి చూసిన బేయర్డ్ రస్టిన్ నల్లజాతివాడూ, స్వలింగ సంపర్కుడూ కూడా. ఆయన్ని ముందుపెట్టి మాట్లాడమననా, లేక ‘చట్టం వరకే పోలిక’ అని గిరి గీసుకోమననా?

ఇక్కడి నల్లజాతి స్నేహితులతో ఈ విషయం మాట్లాడినవాళ్లుంటే, వాళ్లకి ఏ మాట నొప్పించిందో కాస్త చెప్పండి. డిబేటు వచ్చే శుక్రవారం.